తీగచుట్టల మధ్య విద్యుచ్ఛక్తి ప్రయాణము

దీపము వెలుగవలెనన్నచో తీగ కావలెను. తీగ తెగినచో దీపము ఆరిపోవును. ఈ సంగతి ప్రాథమిక పాఠశాల విద్యార్థికి కూడ తెలియును. కాని ఈనాడు సెల్‌ఫోనును ఒక చిన్న పళ్ళెమువంటి పరికరముపై ఉంచినంతనే, తీగ ఏదియు తగిలింపకయే, దానిలోని బ్యాటరీ నిండుచున్నది. విద్యుత్తుతో నడచు పళ్ళబ్రష్షు తన పీఠముపై నిలబెట్టినంత మాత్రమున శక్తిని పుంజుకొనుచున్నది. నడుమ ఉన్నవి ప్లాస్టిక్కు, గాజు, కొద్దిపాటి గాలి మాత్రమే. ఇవి అన్నియు విద్యుత్తును సాగనీయని పదార్థములే.

దీనిని చూచిన విద్యార్థికి రెండు సందేహములు కలుగును. తీగ లేకుండ విద్యుచ్ఛక్తి ఈ ఖాళీని ఎట్లు దాటినది? దాటగలిగినప్పుడు వేలెడు దూరముతోనే ఆగిపోవుట ఎందులకు? గదిని దాటరాదా? ఊరిని దాటరాదా? స్తంభములును తీగలును లేకుండ ఇంటింటికి కరెంటు పంపరాదా? మొదటి సందేహమునకు సమాధానము దొరకి రెండు వందల సంవత్సరములు కావచ్చుచున్నది. రెండవది ఒకప్పుడు మహామేధావులను సైతము కష్టనష్టముల పాలుచేసినది. ఈ రెండింటికిని సమాధానములను ఏ ఉన్నత పాఠశాలలోనైనను, రెండు తీగచుట్టలను ఎదురెదురుగా ఉంచి, కండ్లార చూడవచ్చును.

ఫారడే ఉంగరము

1831 ఆగస్టు 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే ఒక ప్రయోగము చేసెను. ఆరు అంగుళముల వ్యాసము గల మెత్తని ఇనుప ఉంగరమును తీసికొని, దాని ఒక ప్రక్కను ఒక రాగితీగను, రెండవ ప్రక్కను మరియొక రాగితీగను చుట్టెను. తీగలు ఒకదానినొకటి గాని, ఇనుమును గాని తాకకుండ నడుమ దారమును, బట్టను ఉంచెను. రెండవ తీగ కొనలను కలిపి, దానిని కొంత దూరముననున్న అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చెను. మొదటి తీగను బ్యాటరీకి తగిలించిన క్షణమున సూచి కదలి, ఊగి, తిరిగి తన చోటికి వచ్చెను. బ్యాటరీని తొలగించిన క్షణమున మరల కదలెను. నడుమ, విద్యుత్తు మొదటి తీగలో నిలుకడగా ప్రవహించుచున్నంతసేపు, సూచి మౌనముగా ఉండెను.

విద్యుత్తు ప్రవహించు తీగ చుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడునని అప్పటికే తెలిసియున్నది. అయస్కాంత క్షేత్రము వలన తిరిగి విద్యుత్తు కలుగునా అని శాస్త్రజ్ఞులు వెదకుచుండిరి. వారు చాలమంది నిలుకడగానున్న ప్రవాహముతోనే ప్రయత్నించి విఫలులైరి. క్షేత్రము ఉన్నంతమాత్రమున చాలదు, అది మారుచుండవలెనని ఫారడే కనుగొనెను. చెరువు నిండుగా ఉన్నంతమాత్రమున దానిమీది తామరాకు ఊగదు. అల లేచినప్పుడే ఊగును. అట్లే మొదటి చుట్టలో ప్రవాహము పెరుగునప్పుడును, తగ్గునప్పుడును మాత్రమే రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టును. దీనిని అన్యోన్య ప్రేరణ అందురు. అదే కాలమున అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడ స్వతంత్రముగా విద్యుత్ ప్రేరణను కనుగొనెను.

కనుక ఖాళీని దాటునది విద్యుత్ ప్రవాహము కాదు. మొదటి చుట్టలోని విద్యుత్తు అక్కడనే తిరుగుచుండును. రెండవ చుట్టలోనిది అక్కడనే క్రొత్తగా పుట్టును. నడుమ రాకపోకలు చేయునది మారుచున్న అయస్కాంత క్షేత్రము. దానికి గాలి, చెక్క, గాజు, మనుష్యుని చేయి అడ్డము కావు.

మొదటి ప్రయోగము: కదలు సూచి

మోటార్లకు వైండింగు చేయు దుకాణములలో ఎనామిల్ పూత గల రాగితీగ దొరకును. పది సెంటీమీటర్ల వ్యాసము గల ప్లాస్టిక్ డబ్బాపై 200 చుట్లు చుట్టి, దారముతో నాలుగు చోట్ల కట్టి, డబ్బానుండి జారదీయవలెను. ఇట్టివి రెండు చుట్టలు కావలెను. కొనల యందలి పూతను గరుకు కాగితముతో గీకివేయుట మరువరాదు; ప్రయోగము విఫలమగుటకు సాధారణముగా ఇదియే కారణము. ఒక చుట్టకు రెండు టార్చి సెల్లులను, ఒక స్విచ్చిని కలుపవలెను. రెండవ చుట్టను గాల్వనామీటరునకు కలుపవలెను.

చుట్టలను ఒకదానిపై నొకటి పెట్టి స్విచ్చి నొక్కినచో గాల్వనామీటరు సూచి ఒక ప్రక్కకు తటాలున కదలి వెనుకకు వచ్చును. స్విచ్చి వదలినచో రెండవ ప్రక్కకు కదలును. నొక్కి పట్టుకొనినంతసేపు కదలదు. ఇక చుట్టలను కొంచెము కొంచెముగా దూరము జరుపుచు ఇదే పని చేసినచో సూచి కదలిక త్వరత్వరగా తగ్గిపోవును. దగ్గరగానే ఉంచి, ఒక చుట్ట తలమునకు రెండవది లంబముగా ఉండునట్లు సరిగా నిలిపినచో కదలిక దాదాపు పోవును. ఏలనన, అయస్కాంత రేఖలు రెండవ చుట్ట రంధ్రము గుండా దూరక దాని ప్రక్కగా పోవును. రెండు చుట్టల గుండా ఇనుప మేకుల కట్టను దూర్చినచో కదలిక హెచ్చును. ఇనుము అయస్కాంత రేఖలను ప్రోగుచేసి రెండవ చుట్టకు చేర్చును. వీధి స్తంభముపైనున్న ట్రాన్స్‌ఫార్మరులో జరుగునది ఇదియే.

ఒక హెచ్చరిక. ఈ చుట్టలను గోడ ప్లగ్గులోని 230 వోల్టుల విద్యుత్తునకు ఎన్నడును తగిలింపరాదు. తీగ కాలిపోవుటయే కాదు, ప్రాణాపాయము కూడ కలుగును. టార్చి సెల్లులతో నేర్వదగినది నేర్చుటకు చాలినంత ఉన్నది.

దూరము లెక్క

సూచి కదలిక అంత త్వరగా తగ్గుటకు కారణమేమి? చుట్ట మధ్యగా పోవు అక్షరేఖపై క్షేత్రబలమెంతో లెక్కకట్టవచ్చును. ఈ లెక్కకు చుట్ట వ్యాసార్ధమునే కొలబద్దగా తీసికొనవలెను. చుట్ట కేంద్రమున క్షేత్రబలము 100 అనుకొన్నచో, ఒక వ్యాసార్ధమంత దూరమున అది 35. రెండు వ్యాసార్ధముల దూరమున 9. మూడింటి దూరమున 3. నాలుగింటి దూరమున సుమారు 1.4 మాత్రమే.

అందుకొను చుట్ట చిన్నదైనచో, దానికి లభించు శక్తి ఈ బలముయొక్క వర్గమును అనుసరించి ఉండును. కనుక శక్తి ఇంకను వేగముగా క్షీణించును. కేంద్రమున లభించు శక్తిలో, ఒక వ్యాసార్ధము దూరమున ఎనిమిదవ వంతు, రెండింటి దూరమున 125వ వంతు, మూడింటి దూరమున వేయవ వంతు, నాలుగింటి దూరమున 4,913వ వంతు మాత్రమే లభించును. ఈ సంఖ్యలు 2, 5, 10, 17ల ఘనములని విద్యార్థులు గమనింతురు గాక. దూరమును వర్గము చేసి, ఒకటి కలిపి, ఘనము చేసినచో ఇవి వచ్చును.

దీపపు కాంతితో దీనిని పోల్చిచూడవచ్చును. దీపమునుండి రెట్టింపు దూరము పోయినచో కాంతి నాలుగవ వంతగును. తీగచుట్టకు చాల దూరమున ఉన్నప్పుడు, ఆ దూరమును రెట్టింపు చేసినచో క్షేత్రము ఎనిమిదవ వంతు, శక్తి అరువది నాలుగవ వంతు అగును. దీపము కాంతిని వెలికి విరజిమ్ముచుండును. పోయిన కాంతి తిరిగి రాదు. చుట్ట చేయునది అది కాదు. ప్రవాహము పెరుగునప్పుడు చుట్ట తన చుట్టునున్న క్షేత్రమునకు శక్తిని అప్పు ఇచ్చును. ప్రవాహము తగ్గునప్పుడు ఆ శక్తి తిరిగి చుట్టకే చేరును. దగ్గరలో మరియొక చుట్ట ఉన్నచో అది ఆ శక్తిలో కొంత తీసికొనును. లేనిచో తీగ వేడెక్కుటకు అయిన ఖర్చు మినహా తక్కినది దాదాపు అంతయు వెనుకకు వచ్చును. చుట్ట నీడన చేరినవానికే గాని దూరముననున్నవానికి ఈ అప్పు దొరకదు.

రెండవ ప్రయోగము: వెలుగు దీపము

స్విచ్చిని చేతితో నొక్కుచు వదలుచు ఉన్నచో సూచిని కదపవచ్చును గాని దీపమును వెలిగింపలేము. మార్పు ఎంత వేగముగా జరిగిన రెండవ చుట్టలో అంత హెచ్చు వోల్టేజి పుట్టును. మన ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు ఊగును. సెకనుకు ఎన్ని ఊపులో ఆ సంఖ్యను పౌనఃపున్యము అందురు. సెల్‌ఫోను నింపు పళ్ళెములో పౌనఃపున్యము సుమారు ఒక లక్షనుండి రెండు లక్షల వరకు ఉండును.

ఇట్టి వేగమైన ఊపును ఒక్క ట్రాన్సిస్టరుతో సాధింపవచ్చును. పది సెంటీమీటర్ల వ్యాసముతో 15 చుట్లు చుట్టి, తీగను త్రెంచక ఒక మడతను వెలికి తీసి, అదే దిశలో మరి 15 చుట్లు చుట్టవలెను. మడత వద్ద పూత గీకి దానిని 1.5 వోల్టుల టార్చి సెల్లు ధన ధ్రువమునకు కలుపవలెను. చుట్ట ఒక కొనను 2ఎన్ 2222 రకపు ట్రాన్సిస్టరు కలెక్టరునకు, రెండవ కొనను వేయి ఓముల నిరోధము ద్వారా బేసునకు, ఎమిటరును సెల్లు రుణ ధ్రువమునకు కలుపవలెను. వేరొక 30 చుట్ల చుట్టను తీసికొని దాని కొనలకు ఎర్రని ఎల్.ఇ.డి. దీపమును మాత్రమే తగిలింపవలెను. దీనికి సెల్లు లేదు. ఈ చుట్టను మొదటిదానిపై పట్టినంతనే దీపము వెలుగును. వెలుగనిచో కొనల పూతను, ట్రాన్సిస్టరు కాళ్ళ వరుసను మరల చూడవలెను. ట్రాన్సిస్టరు వేడెక్కుచున్నచో వెంటనే సెల్లును తీసివేయవలెను.

ఇప్పుడు చుట్టల నడుమ ఒక నోటుపుస్తకమును, చెక్కపలకను, అరచేతిని వరుసగా ఉంచి చూడవలెను. దీపము వెలుగులో మార్పు కనబడదు. ఒక స్టీలు పళ్ళెమును ఉంచినచో దీపము ఆరిపోవును, లేదా బాగుగా మందగించును. మారుచున్న క్షేత్రము పళ్ళెములోనే విద్యుత్తును పుట్టించును. సుడులు తిరుగు ఆ ప్రవాహము తనను పుట్టించిన మార్పునకే ఎదురు తిరిగి క్షేత్రమును అణచివేయును. ఇండక్షన్ పొయ్యి పనిచేయునది ఈ సుడిప్రవాహముల వలననే. గాజుపలక క్రింద తీగచుట్ట ఉండును. గిన్నె అడుగే రెండవ చుట్ట. అందులో పుట్టిన విద్యుత్తు గిన్నెను వేడిచేయును, పలకను కాదు. ఇందువలననే సెల్‌ఫోనునకును పళ్ళెమునకును నడుమ నాణెము వంటి లోహవస్తువు చిక్కినచో అది కాలునంత వేడెక్కవచ్చును. మంచి పరికరములు అట్టిదానిని గుర్తించి శక్తి నిచ్చుట ఆపివేయును.

అనునాదము చేయు మేలు

దూరమును కొంతవరకు జయించు ఉపాయము ఒకటి కలదు. తంబురాలో రెండు తీగలను ఒకే శ్రుతికి సరిచేసి, ఒకదానిపై చిన్న కాగితపు ముక్కను వ్రేలాడునట్లు మడచి పెట్టి, రెండవదానిని మీటినచో కాగితము ఎగిరిపడును. శ్రుతి కొంచెము తప్పినచో కదలదు. ఇది అనునాదము. మొదటి తీగనుండి వచ్చు ఒక్కొక్క తోపు చాల చిన్నదే. కాని అది రెండవ తీగ ఊపుతో సరిగా కలియుటచే తోపులన్నియు కూడుకొని పెద్ద కదలిక అగును.

తీగచుట్టకు కెపాసిటరును జతచేసినచో దానికిని ఒక శ్రుతి ఏర్పడును. శక్తి చుట్టనుండి కెపాసిటరునకు, కెపాసిటరునుండి చుట్టకు ఒక నిర్ణీత పౌనఃపున్యముతో ఊగుచుండును. రెండు చుట్టలను ఒకే శ్రుతికి చేర్చినచో, దూరముననున్న చుట్ట కూడ బలహీనమైన తోపులను కూడబెట్టుకొని శక్తిని నింపుకొనగలదు. అయితే తీగ నిరోధము మిక్కిలి తక్కువగా ఉండవలెను. లేనిచో కూడబెట్టినది ఎప్పటికప్పుడు వేడిగా పోవును.

నికోలా టెస్లా 1899లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఈ ఉపాయమును పెద్ద ఎత్తున ప్రయోగించెను. ఆయన చుట్ట వ్యాసము సుమారు 15 మీటర్లు. 1900లో ఆయన ప్రకటించిన ఒక చిత్రమున మూడు దీపములు వెలుగుచుండును. ఆ దీపములకు కలిపిన తీగ ప్రక్కకు 50 అడుగుల చొప్పున చతురస్రముగా అమర్చబడినది. చుట్టకు 100 అడుగుల దూరమున ఉన్నది. కెపాసిటరుతో శ్రుతి చేయబడినది. నూరు అడుగులన్న మాట ఆశ్చర్యము గొల్పును. కాని తీగ ఎంత పెద్దదో చూచినచో ఆ దూరము దాని ప్రక్కకు రెట్టింపు మాత్రమే.

2007లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మారిన్ సొల్యాచిచ్ బృందమువారు 30 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల రెండు చుట్టలను, సెకనుకు సుమారు కోటి ఊపులతో, ఒకే శ్రుతిలో ఉంచి, రెండు మీటర్లకు పైబడిన దూరమున 60 వాట్ల దీపమును వెలిగించిరి. రెండు మీటర్లనగా సుమారు ఏడు వ్యాసార్ధములు. పై లెక్క ప్రకారము అనునాదము లేనిచో అంత దూరమున కేంద్రమున దొరకు శక్తిలో సుమారు 94 వేలవ వంతు మాత్రమే దొరకవలెను. వారు చుట్టనుండి చుట్టకు సుమారు 40 శాతము చేర్చగలిగిరి. అనునాదము చేసిన మేలు ఇంత. కాని తక్కిన 60 శాతము దారిలో పోయినదని కూడ గుర్తుంచుకొనవలెను.

ఊరిని దాటునా?

ఇప్పుడు విద్యార్థి రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. తీగచుట్టకు దగ్గర, దూరము అనునవి మీటర్లలో నిర్ణయమగునవి కావు. ఆ చుట్ట పరిమాణమును బట్టి నిర్ణయమగును. చిన్న చుట్టకు వేలెడు దూరమే దూరము. సెల్‌ఫోనులోని చుట్ట కొద్ది సెంటీమీటర్లది. కనుక పళ్ళెముపై సరిగా పెట్టినప్పుడే పనిచేయును, ప్రక్కకు జరిగినచో ఆగును. మోటారు బండ్లకు నేలలోనుండి శక్తి నందించుటకు అంతకంటె ఎంతో పెద్ద చుట్టలు కావలెను. దక్షిణ కొరియాలోని గుమి నగరమున 2013లో ఈ పద్ధతితో రోడ్డుక్రింద తీగలు పరచి బస్సులను నడిపిరి. ఆ తీగలకును బస్సు అడుగు భాగమునకును నడుమ ఖాళీ స్వల్పమే. పది కిలోమీటర్ల దూరమున ఉన్న ఊరికి ఇట్లు శక్తి పంపవలెనన్నచో కిలోమీటర్ల వ్యాసము గల చుట్టలు రెండు చోట్లను కావలెను. అంత తీగతో స్తంభములు నాటి లైను వేయుటయే సులభము.

రేడియో తరంగములు వేల మైళ్ళు పోవుచున్నవి గదా అని అడుగవచ్చును. అవి వెలికి విరజిమ్మబడి, తిరిగి రాని శక్తి. నలుదిక్కుల చెదరిపోవుటచే ఒక్కొక్క రేడియోకు చేరునది అత్యల్పము. వార్త తెలిసికొనుటకు అది చాలును. దీపము వెలిగించుటకు చాలదు. టెస్లా ఈ కష్టమును తప్పించుటకు భూమి ద్వారానే శక్తిని పంపదలచి, న్యూయార్కు సమీపమున వార్డెన్‌క్లిఫ్ వద్ద 1901లో ఒక గోపుర నిర్మాణమును ఆరంభించెను. జె. పి. మోర్గాన్ అను ధనికుడు మొదట సొమ్ము ఇచ్చి, పిమ్మట ఇచ్చుటకు నిరాకరించెను. గోపురము తన పని చేయకయే 1917లో పడగొట్టబడినది. ఆ మహాశాస్త్రజ్ఞుడు కలగన్నట్లు శక్తిని దూరదేశములకు పంపుట ఆ దారిన నెరవేరలేదు. ఆయన శ్రుతి కూర్చిన చుట్టలు మాత్రము దగ్గరి పనులకు నిలిచినవి.

ఆ దగ్గరి పనులు చిన్నవని భావింపరాదు. పుట్టుకతో చెవుడు గల పసివారికి శస్త్రచికిత్స చేసి, చెవి వెనుక చర్మము క్రింద ఒక పరికరమును అమర్చుచున్నారు. దానికి వెలుపలినుండి తీగ పెట్టినచో చర్మమునకు రంధ్రము ఉండవలెను. ఆ రంధ్రము గుండా సూక్ష్మజీవులు లోనికి పోవు ప్రమాదము ఎల్లప్పుడును ఉండును. ఇప్పుడు చర్మము పైన ఒక చుట్ట, క్రింద ఒక చుట్ట ఉండును. నడుమ దూరము కొద్ది మిల్లీమీటర్లు. ఆ చిన్న ఖాళీని దాటి శక్తియు, శబ్ద సమాచారమును లోనికి పోవుచున్నవి. బిడ్డ తల్లి పలుకు వినుచున్నది. ఫారడే ఉంగరములోని సూత్రమే ఇక్కడ ఇనుము లేకుండ పనిచేయుచున్నది.

ఉపాధ్యాయులు రెండవ ప్రయోగమును తరగతిలో చేయించునప్పుడు, దీపము వెలుగుటను చూపి ఆపక, అది ఏ దూరమున ఆరిపోవునో స్కేలుతో కొలిపించుట మంచిది. పది సెంటీమీటర్ల చుట్టలతో ఒకసారి, ఇరువది సెంటీమీటర్ల చుట్టలతో ఒకసారి కొలిచి, రెండు దూరములను వ్రాసికొని పోల్చవలెను. పెద్ద చుట్టలకు దూరము ఎంత పెరిగినదో విద్యార్థియే చెప్పవలెను. తీగ లేకుండ ఊరంతటికి కరెంటు ఇచ్చెదమను ప్రకటన ఏదైనను పిమ్మట అతని కంటబడినచో, ఆ చుట్ట ఎంత పెద్దది, దూరమెంత, దారిలో పోవునది ఎంత అని అడుగుట అతనికి అప్పటికే అలవాటై యుండును.